చేయని దొంగతనానికి చప్పట్లు

పలుకును ప్రసాదించిన వాగ్దేవతకు, ఈ దీవులను నలువైపులా కాచి ఉన్న సముద్రునికి అంజలి ఘటించి, శ్రీ రుధిరోద్గారి నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమీ సౌమ్యవాసరమున, డిగ్నాబాద్‌లోని మా యింటి వరండాలో కూర్చుండి ఈ వ్రాత మొదలుపెట్టుచున్నాను.

దేవతను స్తుతించి ఆరంభించదగినంత ఉత్తమమైన వస్తువు కాదిది. మొన్న మా తెలుగు సంఘంవారు వచ్చి, ఒకప్పుడు మేము నడిపిన బాలుర కార్యక్రమాన్ని గురించి తమ సంచికకు మధురస్మృతులు వ్రాసి ఇమ్మన్నారు. మధురమైనవి నా వద్ద లేవు. ఉన్నవి వ్రాస్తున్నాను. అచ్చువేసుకోవడమో, పొయ్యిలో వేసుకోవడమో వారి ఇష్టం.

నేను ఈ ద్వీపానికి తెలుగు బోధించడానికి వచ్చినవాణ్ణి. కావ్యాలను గురువుగారి ఎదుట నేలమీద కూర్చుని చదువుకున్నవాణ్ణి. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా శిష్యుల భాష విని దిగులుపడ్డాను. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో హిందీ, తిట్టుకు రెండూ. అక్షరం మాత్రం ఏదీ కుదురుగా రాదు. కొంత కాలానికి ఆ దిగులు పోయింది. భాష కలగాపులగమైనా మనుషులు మంచివాళ్ళే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని పిల్లల విషయంలో నేటికీ మార్చుకోలేదు.

ఆనాడు ఇక్కడి తెలుగువారిలో ప్రధానంగా రెండు వర్గాలు. ఒకటి, తెలుగులోనే ఆరాధన జరుపుకొనే క్రైస్తవ కుటుంబాలు. వారిలో కొలువులు చేసేవారు, కాంట్రాక్టులు పట్టేవారు, కర్రపని చేసేవారు ఉండేవారు. రెండోది, శ్రీకాకుళం, విశాఖపట్నం సముద్రతీరాల నుంచి వచ్చి చేపలవేటతో బ్రతికే హిందూ కుటుంబాలు. ఉభయుల పిల్లలూ కలిసి చెడిపోవడానికి చాతం రేవు అనువుగా ఉండేది. ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కు పోయే లాంచీలు అక్కడ ఆగుతాయి. లాంచీ దిగినవారి సామాను మోస్తామని ముందుకు వచ్చి, ఒక మూటను వేరే దారి పట్టించడం, వచ్చిన డబ్బుతో బీడీలు, ఆపైన నాటుసారా. పోలీసులకు చిక్కిన మైనరు కుర్రవాళ్ళను ఓడ ఎక్కించి మద్రాసు వైపు బాలుర గృహానికి పంపేవారు. అలా వెళ్ళినవారి తల్లులు రేవులో ఏడవడం నేను చూశాను.

అందువల్ల సంఘంవారు సాయంకాలాల్లో పిల్లలను చేరదీసే కార్యక్రమం పెడతామన్నప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. బడి ఎగ్గొట్టేవాళ్ళు, రేవులో తిరిగేవాళ్ళు, ఇంట్లో అదుపు లేనివాళ్ళు ఎవరైనా రావచ్చు. ముందు ఫుట్‌బాల్, తరువాత నా దగ్గర అక్షరాలు, ఒక పద్యం, ఆపైన వేడిగా కిచిడీ. మొదట్లో అది నిజంగా మంచి పని. చీకటిపడే వేళకు ఏ పిల్లవాడు ఎక్కడున్నాడో పెద్దవారికి తెలిసేది. అంతకుమించి ఏ సంస్కారకేంద్రమూ చేయగలిగింది లేదని నా నమ్మకం.

చెడుగు ఒక కన్నీటిబొట్టుతో మొదలైంది.

ఒక సాయంకాలం కిచిడీ వడ్డించేవేళ, పిల్లలందరిలో పెద్దవాడు ఒకడు, ఎవరూ అడగకుండానే లేచి నిలబడి, తాను ఒక ప్రయాణికురాలి ట్రంకుపెట్టెను ఎత్తుకుపోయిన సంగతి చెప్పి ఏడ్చాడు. క్రైస్తవుల కూటాల్లో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. మనిషి తన పూర్వపు పాపాన్ని పదిమంది ముందు ఒప్పుకొని, తాను మారిన విధాన్ని వివరిస్తాడు. ఆ కుర్రవాడు చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతి అది. వాడి ఏడుపు నిజమైనది. మా అందరి కళ్ళూ చెమర్చాయి. అయితే మా పెద్దలు ఆ కన్నీటి రుచి మరిగారు.

సంఘానికి అధ్యక్షుడు కలప కాంట్రాక్టు చేసే ఒక క్రైస్తవ పెద్ద. మాటలో తీయదనం, నడకలో బరువు గల మనిషి. ఆయన మరునాడే, ఇకమీదట నెలకొకసారి సాక్ష్యాల సభ ఉంటుందన్నారు. ఉపాధ్యక్షుడు మత్స్యకారుల కులపెద్ద. ఆయన తన వర్గానికి తగినట్టు ఒక మార్పు కోరారు: వారి పిల్లలు సాక్ష్యం చెప్పాక దీపం ఆర్పి గంగమ్మ మీద ఒట్టు పెట్టాలి. అలా ఒకరి ప్రార్థనకూటాన్నీ మరొకరి ప్రమాణాన్నీ అతికించి, రెండింటిలోని పవిత్రతనూ వదిలిపెట్టి, తమాషాను మాత్రం మిగుల్చుకున్నారు.

సభకు అతిథులు రావడం మొదలైంది. చప్పట్లు మొదలయ్యాయి. చిన్న దొంగతనానికి చిన్న చప్పట్లు, పెద్ద దొంగతనానికి పెద్ద చప్పట్లు. ఇది చాలదన్నట్టు అధ్యక్షులవారు మరొక నియమం చేశారు. సాక్ష్యం చెప్పినవాడే ఆటలో ముందువరుసలో ఆడాలి. పాపం లేనివాడు గోలు దగ్గర నిలబడాలి. పిల్లలకు అంతకంటె స్పష్టంగా ఏ నీతిని బోధించగలం?

వాళ్ళ మాటలు ఒకరోజు నా చెవిన పడ్డాయి. నేను పలక మీద గుణింతం వ్రాస్తున్నాను. వెనక ట్రంకుపెట్టె కుర్రవాడు ఒక చిన్నవాణ్ణి పరీక్షిస్తున్నాడు.

“నీదేంట్రా ఈసారి?”

“కొబ్బరికాయలు భయ్యా. తోటలోంచి.”

“అబే, కొబ్బరికాయలకి తప్పట్లు ఎవడు కొడతాడ్రా? పందికొక్కు కూడా తింటాది కొబ్బరికాయ.”

“మరి నీకు పెట్టె ఉంది.”

“ఉంది మరి. అందరికీ రాదు యార్. నసీబ్ ఉండాల.”

చిన్నవాడు చాలాసేపు ఆలోచించి, “సైకిల్ అంటే సరిపోద్దా?” అని అడిగాడు. ఎక్కడి సైకిలని నేను వెనక్కి తిరిగి అడిగితే ఇద్దరూ నవ్వేశారు. మరుసటి వారం ఆ చిన్నవాడు ఒక గుమాస్తా సైకిల్ నిజంగానే తీసుకుపోయి మూడు వీధుల అవతల పొదల్లో పెట్టాడు. సభలో చెప్పడానికట. చెప్పాడు. ముందువరుసలో ఆడాడు కూడా. ఈ సంగతి నేను అధ్యక్షులవారికి చెబితే ఆయన, “చూశారా మాస్టారూ, దాచుకోకుండా ఒప్పుకున్నాడు. అదే మన విజయం” అన్నారు.

ఇక నేను చెప్పదలచిన కుర్రవాడి విషయానికి వస్తాను. మత్స్యకారుల పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి చేపల తట్ట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఆమె తమ్ముడికి ఒక డింగీ ఉంది. ఆ చిన్న పడవ మీద అతడు ఒక్కోసారి పదేసి రోజులు దూరపు దీవుల వైపు పోయి వేటాడి తెచ్చేదే వాళ్ళ తిండి. ఈ పిల్లవాడు బడి ఎగ్గొట్టి చాతంలో లాంచీలు చూస్తూ కూర్చుంటాడని మేనమామే స్వయంగా తెచ్చి మాకు అప్పగించాడు. వాడికి లాంచీల పిచ్చి తప్ప వేరే దురలవాటు లేదు. పద్యం ఒక్కసారి వింటే చాలు, గంటకొట్టినట్టు అప్పజెప్పేవాడు. అర్థం అడిగితే మాత్రం నవ్వేవాడు. ఏ దొంగతనమూ లేదు గనుక ఎప్పుడూ గోలు దగ్గరే నిలబడేవాడు.

ఆనంద నామ సంవత్సరం కార్తికమాసంలో వార్షికోత్సవం వచ్చింది. పెద్ద హోదాగల ఒక అధికారి ముఖ్య అతిథి. ఏర్పాట్ల కోసం కమిటీ కూర్చున్నప్పుడు కులపెద్ద కోపంగా మొదలుపెట్టారు.

“ఎప్పుడు సూసినా సాచ్చెం సెప్పడానికి మీ గుంటలే నిల్చుంటారు. తప్పట్లన్నీ మీకేనా? మా గంగపుత్రుల్లో పాపం సేసినోడు ఒక్కడూ నేడా?”

“ఉంటే చెప్పించండి బాబూ, వద్దన్నదెవరు?” అన్నారు అధ్యక్షులవారు. “అసలు మావాళ్ళే బాధపడుతున్నారు. ప్రతిసారీ మన పిల్లలే దొంగలని చెప్పుకుంటే ఆఫీసర్లు మన చర్చిని గురించి ఏమనుకుంటారని. ఈసారి అటొకడు, ఇటొకడు. సమానంగా పోదాం. కాని చిల్లర పాపం వద్దు. వెయిట్ ఉండాలి.”

“అటువైపు దొంగలు లేకపోతే సంతోషించాలి కదా” అన్నాను నేను.

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. రెండు మతాలవారూ ఏకాభిప్రాయానికి రావడం ఆ కమిటీలో నేను అరుదుగా చూసిన దృశ్యం.

“పంతులుగారూ, పద్యాల సంగతి మీరు చూడండి. దొంగతనాల సంగతి మేం చూసుకుంటాం” అన్నారు అధ్యక్షులవారు.

కంఠం బాగుందని మా కుర్రవాణ్ణి ఎంచుకున్నారు. మా తరగతి జరిగే వరండాలోనే కులపెద్ద వాణ్ణి కూర్చోబెట్టి అడిగారు.

“ఏటి దొంగిలించేవురా?”

“ఏటీ నేదు తాతా.”

“ఏటీ నేకుండా ఎలగరా? గెవనం తెచ్చుకో.”

వాడు తల గోక్కున్నాడు. “మాయమ్మ తట్టలోంచి ఎండుసేప ఒకటి తీసి కాల్సుకున్నాను.”

“అది ఆకలిరా. దొంగతనం సెప్పు.”

వాడికి చెమట పట్టింది. పరీక్షలో జవాబు రాని పిల్లవాడిలా అటూ ఇటూ చూశాడు. చివరికి, “సాతంలో లాంచీ పంకా పోయిందని గోల అవుతంది…” అన్నాడు. నీటిలో తిరిగి లాంచీని నడిపే ఇత్తడి రెక్కల చక్రాన్ని ఇక్కడ పంకా అంటారు. ఒక లాంచీ యజమాని కొత్తగా కొని కొట్టులో పెట్టుకున్న పంకా కనిపించడం లేదని రేవంతా చెప్పుకుంటున్నారు. వాడు విన్నమాట అన్నాడు, అంతే.

“ఆఁ. అది తీసింది నువ్వే” అన్నారు కులపెద్ద.

“నానా?”

“నువ్వే. ఫార్వర్డు ఆడాలని నేదేటి?”

నేను లేచి వెళ్ళి, చేయని నేరాన్ని పసివాడి నోట పలికించడం ధర్మమా అని అడిగాను. ఆయన నన్ను శాంతపరచే ధోరణిలో, “సబ కోసం గదా పంతులుగోరూ. సబ అయిపోతే ఆ మాటా అయిపోద్ది” అన్నారు.

వార్షికోత్సవం నాడు షామియానా వేశారు. ముఖ్య అతిథికి తెలుగు రాదు గనుక ఒకాయన పక్కన నిలబడి ప్రతి పాపాన్నీ హిందీలోకి మారుస్తున్నాడు. ముందు ట్రంకుపెట్టె కుర్రవాడు చెప్పాడు. అది ఎన్నోసారో వాడికే తెలియదు. ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికింది, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో అక్కడ తుడుచుకున్నాడు. మొదటి రోజు నేను చూసిన ఏడుపు ఈ దుర్గతికి వచ్చింది. తరువాత మావాడు. నేను నేర్పిన స్వచ్ఛమైన ఉచ్చారణతో, తాను అంధకారంలో ఉండినట్లు, రేవులోని కొట్టులో దూరి పంకాను అపహరించినట్లు, సంఘం తనను వెలుగులోనికి తెచ్చినట్లు చెప్పాడు. కులపెద్ద దీపం తెచ్చారు. వాడు అరచేత్తో దీపం ఆర్పి, “గంగమ్మ తల్లి తోడు, ఇదంతా నిజం” అన్నాడు.

అంత పెద్ద చప్పట్లు ఆ సభలో ముందెన్నడూ వినలేదు. అతిథి లేచి వాడి భుజం తట్టారు. వాడి ముఖం వెలిగిపోయింది. వాడు పద్యం ఎంత బాగా చదివినా ఎవరూ అలా చప్పట్లు కొట్టలేదు. ఆ వెలుగును తలచుకుంటే నాకు నేటికీ రోత కలుగుతుంది. ఆ పిల్లవాడి మీద కాదు. ముందువరుసలో కుర్చీలు వేసుకొని, ఒకరి మోకాలు ఒకరు తడుతూ కూర్చున్నవారి మీద.

లాంచీ యజమాని కూడా ఆ సభలోనే ఉన్నాడు. మరునాడు ఉదయమే పోలీసులు వచ్చి కుర్రవాణ్ణి తీసుకుపోయారు.

నేను ఠాణాకు పరుగెత్తాను. సబ్ ఇన్‌స్పెక్టరు మర్యాదస్థుడే. కుర్చీ వేయించి, “మాస్టర్‌జీ, బచ్చే నే ఖుద్ బోలా హై. పూరీ పబ్లిక్ నే సునా. మై క్యా కరూఁ?” అన్నాడు. పిల్లవాడు తానే చెప్పాడు, జనమంతా విన్నారు, నేనేం చేయగలనని అతడి వాదం.

పంకా ఎక్కడుందని వాణ్ణి అడిగారట. వాడికేం తెలుసు? సముద్రంలో పడేశానన్నాడు. ఎక్కడంటే చెప్పలేక, అమ్మేశానన్నాడు. ఎవరికంటే ఊరుకున్నాడు. మాట మారుస్తున్నాడు కాబట్టి ముదురు దొంగ అని వ్రాసుకున్నారు. నేను వాడి పక్కన కూర్చుని, “నువ్వు తీయలేదని ఇప్పుడే చెప్పు నాయనా. నేనూ చెబుతాను” అన్నాను.

వాడు నా చెవి దగ్గరికి వంగాడు. “ఎలగ సెప్పేది పంతులుగోరూ? దీపం ఆర్పేసేను గదా. మా మావ ఏటకెల్లి ఉన్నాడు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. బయట గోడకు ఆనుకొని కూర్చున్న తల్లి వివరించింది. గంగమ్మ మీద దీపం ఆర్పి పెట్టిన ఒట్టును మనిషి తనంతట తాను వెనక్కి తీసుకుంటే, ఆ ఇంటి పడవ సముద్రం మీద ఉండగా తల్లి ఊరుకోదని వాళ్ళ నమ్మకం. ఒట్టు వేయించినవాడే పిలిచి, ఒట్టు తీసి గట్టున పెట్టానని నోటితో అంటే గాని విడుదల లేదు. పిల్లలు ఆటల్లో పలికే ఆ మాట వెనక ఇంత బరువు ఉంటుందని నేను ఎన్నడూ ఎరుగను.

“నాకొక్క గుంటడు, ఒక్క తమ్ముడు” అంది ఆమె. “ఎవుడ్ని ఒగ్గుకోమంటావు?”

నేను నమ్ముతానా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆ తల్లీబిడ్డలు నమ్ముతారు. కులపెద్ద కూడా నమ్ముతారు; నమ్మి ఉండీ, అబద్ధమని తెలిసి ఉండీ, వాడి చేత దీపం ఆర్పించారు. నమ్మనివాడు చేసి ఉంటే దానికి మరో పేరు ఉండేది. నమ్మినవాడు చేసిన దానికి నా నిఘంటువులో పేరు లేదు.

ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన వల బాగుచేసుకుంటున్నారు.

“ఒట్టు తియ్యి మావా” అంది ఆమె, నిలబడే.

“సబలో ఏసిన ఒట్టమ్మా. సబలోనే తియ్యాల.”

“నీ నోరే గదా ఏసింది. ఆ నోటితోనే తియ్యి.”

“నాను తీసేనంటే ఆ సాచ్చెం అబద్దమని నాను ఒప్పుకున్నట్టే గదేటి? ఆఫీసరు గోరు తట్టిన భుజమది. రేపు మనోళ్ళకి జెట్టీ కావాలన్నా, ఐస్ కావాలన్నా ఆయన దగ్గిరికే ఎల్లాల. నీ ఒక్కదాని గురించి అందర్నీ ముంచమంటావా?” అని, “పెసిడెంటు గోర్ని సబ ఎట్టమను. తీసేస్తాను” అన్నారు.

అధ్యక్షులవారి ఇంటికి వెళితే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఉత్సవంలో మిగిలిన లడ్డూలు పెట్టించారు. తల్లి ముట్టలేదు. సంగతి అంతా విని ఆయన ఎంతో దుఃఖించినట్టు కళ్ళు మూసుకున్నారు.

“మాస్టారూ, ప్రభువు ఎదుట ఇచ్చిన సాక్ష్యాన్ని తిరగదీయమని నేనెలా చెప్పను?”

“వాడు ప్రభువు ఎదుట ఇవ్వలేదు. మీ ఎదుట ఇచ్చాడు. మీరు ఇప్పించారు.”

“మనం ఒక్క సాక్ష్యం అబద్ధమంటే మిగతావన్నీ అబద్ధమంటారు. ఇంతమంది పిల్లల భవిష్యత్తు చూడాలి కదా. అయినా, ఒకవేళ పంపినా ఆ బాలుర గృహం జైలేమీ కాదు. చదువు చెబుతారు. వడ్రంగం నేర్పుతారు. మన కార్యక్రమానికి అది పైతరగతి అనుకోండి.”

ఇంకొక లడ్డూ నా వైపు జరిపారు. వాళ్ళ గేటు దాటి, కాలువ పక్కన నిలబడి వాంతి చేసుకున్నాను. ఆ తల్లి తన కొంగుతో నా మూతి తుడుచుకోమంది. చేపల వాసన వేసే ఆ కొంగు ఆనాడు నాకు తగిలిన వస్తువులన్నింటిలో శుభ్రమైనది.

మేజిస్ట్రేటు ఎదుట విచారణ జరిగిన రోజున నేను సాక్షిగా నిలబడి, ఆ మాటలు నా కళ్ళ ముందే నేర్పబడ్డవని చెప్పాను. అధ్యక్షులవారిని పిలిచి అడిగారు. ఆయన చేతులు కట్టుకొని, “మా సంస్థలో పిల్లలకు సత్యం తప్ప మరొకటి నేర్పము. పండితులవారికి ఆ పిల్లవాడి మీద ప్రేమ. అందుచేత అలా అంటున్నారు” అన్నారు. కులపెద్ద పైకప్పు వైపు చూస్తూ, తనకు సరిగా జ్ఞాపకం లేదన్నారు. చివరికి కుర్రవాణ్ణే అడిగారు, తీశావా లేదా అని. వాడు తల్లి వైపు చూశాడు. తల్లి చీరకొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది. తమ్ముడు ఇంకా సముద్రం మీదే ఉన్నాడు.

“తీశాను” అన్నాడు వాడు. నేను నేర్పిన ఉచ్చారణే.

మద్రాసు వైపు బాలుర గృహానికి పంపమని ఉత్తర్వు అయింది. తరువాత మేనమామ క్షేమంగా తిరిగి వచ్చాడు. సంగతి తెలిసి తల బాదుకున్నాడు. పడవ ఒడ్డుకు చేరింది కదా, ఇక భయం లేదు కదా అని నేను అమాయకంగా అన్నాను. “రేపు మళ్ళా ఎల్లాల గదా పంతులుగోరూ” అన్నాడు. వాళ్ళ భయానికి సెలవుదినం ఉండదు.

ఓడ బయలుదేరే నాటి ఉదయం ఆ తల్లి ఎవరినీ అడగకుండా నడుములోతు నీళ్ళలోకి దిగింది. మేనమామ, నేను గట్టున ఉన్నాం. దోసిలితో నీళ్ళెత్తి, “తల్లీ, ఆడు పసోడు. పెద్దోళ్ళు ఏయించిన ఒట్టు. అది ఆడి మీంచి తీసి నా నెత్తిన ఎట్టుకో. ఆ పడవ జోలికి ఎల్లకు” అంది. కులపెద్ద చేయవలసిన పనిని, ఏ అధికారమూ లేని ఆమె చేసింది. తడిబట్టలతోనే రేవుకు వచ్చి కొడుకుతో, “సెప్పీరా. ఇప్పుడు సెప్పీ. ఒట్టు నా దగ్గరుంది” అంది.

వాడు అక్కడికక్కడే పోలీసుతో చెప్పేశాడు. తాను ఏదీ తీయలేదని, సభకోసం చెప్పానని, ఏడుస్తూ, యాసలో, హిందీలో, వచ్చిన మాటలన్నింటితో చెప్పాడు. ఆ పిల్లవాడు జీవితంలో ఇచ్చిన నిజమైన సాక్ష్యం అదొక్కటే. చప్పట్లు లేవు. సబ్ ఇన్‌స్పెక్టరు ముఖం పక్కకు తిప్పుకొని, “అబ్ బోల్తా హై? ఆర్డర్ హో గయా, బేటా” అన్నాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఉత్తర్వు అయిపోయిందని. ఓడ ఎక్కించారు.

పుష్యమాసంలో మేనమామ చేపలు అమ్మడానికి ఉత్తరాన ఉన్న మాయాబందర్ వెళ్ళి, అక్కడి రేవులో ఒక లాంచీకి మరమ్మతు జరుగుతుంటే చూశాడు. దానికి బిగించిన పంకా కొత్తది. అడిగితే, చాతం లాంచీ యజమాని బావమరిది తనకు అవసరమై కొట్టులోంచి తీసుకువచ్చాడని, బావకు చెప్పడం మరచిపోయాడని తేలింది. దొంగతనమే జరగలేదు. లాంచీ యజమాని సిగ్గుపడి మా ఇంటికి వచ్చి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానన్నాడు. ఈ కథలో సిగ్గుపడిన పెద్దమనిషి అతడొక్కడే.

నేను కమిటీకి వెళ్ళి, సంఘం తరఫున ఒక అర్జీ మీద సంతకాలు చేయమన్నాను. అధ్యక్షులవారు శాంతంగా విన్నారు.

“అయితే ఇప్పుడు తేలింది ఏమిటి మాస్టారూ? వాడు అబద్ధం చెప్పాడనే కదా?”

“అవును గదా” అన్నారు కులపెద్ద. “దీపం ఆర్పి మరీ సెప్పేడు. ఎంత దైర్యం ఆ గుంటడికి.”

“అబద్ధాలాడే పిల్లవాడికి ఆ గృహమే సరైన చోటు. కొన్నాళ్ళు ఉండనీయండి.”

ఇద్దరూ తలలు ఊపారు. మిగిలినవారూ ఊపారు. వారిలో ఒక్కరి ముఖంలోనైనా హాస్యమో, కపటమో కనిపిస్తుందేమోనని ఒక్కొక్కరినీ చూశాను. లేదు. అందరూ నిజంగానే ఆ పిల్లవాడి అసత్యానికి నొచ్చుకున్నారు. కపటి అయితే కనీసం తాను చేసేదేమిటో ఎరుగును. వీరు దానిని కూడా మరచిపోయారు. నేను నా పలకలు, సుద్దముక్కలు సంచిలో వేసుకొని వచ్చేశాను. ఆ వరండా మళ్ళీ ఎక్కలేదు.

అర్జీ మీద తల్లి వేలిముద్ర, లాంచీ యజమాని సంతకం, నా సంతకం మాత్రమే ఉన్నాయి. మేజిస్ట్రేటు దానిని అంగీకరించారు. విడుదల కాగితం తీసుకొని తల్లి తానే మద్రాసు ఓడ ఎక్కింది.

ఆనంద నామ సంవత్సర ఫాల్గుణ బహుళ పంచమి నాడు మద్రాసు నుంచి వచ్చిన ఓడలో తల్లీకొడుకులు దిగారు. అదే వారంలో మేనమామతో కలిసి మాయాబందర్‌కు కాపురం మార్చారు. తరువాతి రాక్షస నామ సంవత్సరం కార్తికమాసంలో సంఘపు వార్షికోత్సవం యథావిధిగా జరిగింది. మత్స్యకారుల తరఫున వేరొక కుర్రవాడు సాక్ష్యం చెప్పాడు.